మాత్ర మానిన తొలి రోజులు: ఓర్పుకు హద్దు ఎక్కడ?

నొప్పి మందుకు అలవాటుపడిన ఒళ్లు, ఆ మందు ఆగిన మొదటి వారంలో పడే బాధ రెండు ప్రశ్నలు లేవదీస్తుంది. మొదటిది వైద్యానిది: ఒంట్లో ఏం జరుగుతోంది, దానికి ఏం చేయాలి. రెండోది ధర్మానిది: ఈ బాధను పళ్ల బిగువున ఓర్చుకోవాలా, తగ్గించుకుంటే తప్పా, ఇది చేసుకున్న పాపానికి ఫలితమా, మంచికోసం చేసే తపస్సా, లేక ఉత్త రోగమా. రెండో ప్రశ్నకు మన శాస్త్రాల్లో జవాబులు తక్కువేం లేవు. కాని అవి ఒక్క మాట మీద నిలవవు. టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా పరుచుకున్న శ్రీకాకుళం తీరంలో ఈ ప్రశ్న పండితుల చర్చకే పరిమితం కాదు. నొప్పి బిళ్ళ ఇక్కడ చాలా ఇళ్లలో బియ్యం, ఉప్పులాగే సరుకు.

నౌపడ ఉప్పు మడుల్లో నెత్తిన ఎండ, కాళ్ల కింద ఉప్పునీరు మధ్య నడుము వంచి పనిచేసేవారున్నారు. టెక్కలి చుట్టుపక్కల నీలి గ్రానైట్ క్వారీల్లో రాయి తీసేవారున్నారు. ఉద్దానంలో కొబ్బరిచెట్లెక్కి కాయ దించేవారున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేశాక ఎందరో వేరే కూలి వెతుక్కోవలసి వచ్చింది. వీరందరికీ ఒళ్లు నొప్పి పనితోపాటు వచ్చేదే. పలాస, కాశీబుగ్గల్లోని జీడి కార్ఖానాల్లో పని చూస్తే నొప్పి ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది. పిక్క పగలగొట్టేటప్పుడు పెంకులోంచి చిమ్మే జీడి నూనె చర్మాన్ని కాల్చి నల్లటి మచ్చలు మిగులుస్తుంది; అందుకే వేళ్లకు నూనో బూడిదో పూసుకుని కూర్చుంటారు. పప్పు విరగకుండా పైపొట్టు గీకి తీసే పని ఎక్కువగా ఆడవాళ్లది. కూలి కిలో లెక్కన వస్తుంది కాబట్టి ఎవరూ మధ్యలో లేవరు. సాయంత్రానికి మెడ దగ్గర మొదలైన పట్టు భుజం మీదుగా మోచేతిదాకా దిగుతుంది. మందుల షాపులో కత్తెరతో షీటు కత్తిరించి ఇచ్చే రెండు బిళ్ళలు మర్నాటి కూలిని నిలబెడతాయి. ఊరి ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే ఇంకా తొందరగా లేచి తిరగవచ్చు. ఇలా మొదలైన వాడకం ఎప్పుడు అవసరం దాటి అలవాటైందో వాడేవారికే తెలియదు.

ఈ తీరంలో నొప్పి మందు మానడానికి మరో కారణం కూడా ఉంది. ఉద్దానమని పిలిచే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ వ్యాధి కొన్ని దశాబ్దాలుగా ఊళ్లకు ఊళ్లను పట్టి పీడిస్తోంది. మధుమేహం, రక్తపోటు లేనివారికి కూడా వచ్చే ఈ వ్యాధికి ఒకే ఒక్క కారణం ఇదని శాస్త్రం తేల్చలేదు. భూగర్భ జలం, ఎండదెబ్బ, ఒంట్లో నీరు ఇంకిపోవడం, పురుగుమందులు, వంశపారంపర్యం, నొప్పి మాత్రలు అన్నీ పరిశోధకుల అనుమానాల జాబితాలో ఉన్నాయి. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల ఆసుపత్రితో కలిపి కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. అసలు కారణం ఏదైనా, కిడ్నీ దెబ్బతిన్నదని తెలిసిన రోజు వైద్యులు మొట్టమొదట చెప్పే మాటల్లో ఒకటి: నొప్పి బిళ్ళలు ఆపేయండి. దానికి బలమైన ఆధారం ఉంది. చెమటతో నీరు పోయినప్పుడు కిడ్నీకి రక్తం సరిగా అందేలా చూసేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. అవి సన్నటి రక్తనాళాలను తెరిచి ఉంచుతాయి. డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మందులు నొప్పిని తగ్గించేది ఆ రసాయనాలు తయారు కాకుండా ఆపే. దాహంతో ఎండలో పనిచేసే మనిషి ఆ బిళ్ళ వేసుకుంటే నొప్పి తగ్గుతుంది, కిడ్నీకి ఆసరా పోతుంది.

డైక్లోఫెనాక్ జాతి మందులు ఆపితే పాత నొప్పి తిరగబెడుతుంది గాని ఒళ్లు మందుకోసం అల్లాడిపోదు. రోజూ తలనొప్పి బిళ్ళలు మింగినవారికి మాత్రం, ఆపిన తర్వాత రెండు నుంచి పది రోజులు తలనొప్పి మునుపటికంటే ఎక్కువై తర్వాత తగ్గుతుంది. నొప్పులకని నెలల తరబడి స్టెరాయిడ్ వాడినవారి సంగతి వేరు. వారి ఒంట్లో సహజంగా తయారయ్యే హార్మోను నిద్రపోయి ఉంటుంది కాబట్టి ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. నిజంగా ‘మానడం’ అనే యాతన పెట్టేవి నల్లమందు జాతికి చెందిన మందులు. ట్రమడాల్, టాపెంటడాల్, కొడీన్, మార్ఫిన్ ఆ కోవలోవి. వీటిలో గ్రామాలదాకా ఎక్కువగా చేరినది ట్రమడాల్. 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం దాన్ని మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చింది. చేతిలో ఉన్న మందు ఏ జాతిదో తెలియకుండా ‘నొప్పి బిళ్ళ’ అన్న ఒక్క మాటతో అన్నిటినీ కలిపేయడం ఈ ప్రాంతంలో జరిగే మొదటి పొరపాటు. ఆపే పద్ధతి ఆ జాతిని బట్టే ఉంటుంది; అందుకే మానాలనుకున్నవారు ఖాళీ షీటు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లడం మేలు.

నల్లమందు జాతి మందుల్లో చివరి మాత్ర తర్వాత ఎనిమిది గంటల నుంచి ఒక రోజులోపు యాతన మొదలవుతుంది. ముందు ఆవులింతలు, కళ్ల నీళ్లు, జలుబు చేసినట్టు ముక్కు కారడం, ఒళ్లు గగుర్పొడవడం. రెండో రోజు, మూడో రోజు శిఖరం: కడుపులో నులినొప్పి, విరేచనాలు, వాంతులు, ఎముకల్లోంచి వచ్చినట్టుండే పోటు, ఒక్కచోట ఉండనివ్వని కాళ్లు, కంటిమీద కునుకు లేకపోవడం, కారణం లేని దిగులు. వారం, పది రోజుల్లో ఇవి చాలావరకు సర్దుకుంటాయి. ట్రమడాల్ మానినవారిలో కొందరికి వీటికితోడు తీవ్రమైన భయం, ఒంటిమీద ఏదో పాకుతున్న భ్రమ కలగవచ్చు. ఆ మందు మెదడులోని సెరటోనిన్ మీద కూడా పనిచేస్తుంది కాబట్టి ఇలా జరుగుతుంది. లక్షణాలన్నీ మందు చేసిన పనికి తలకిందులుగా ఉండడం గమనించాలి. మందు మలబద్ధకం తెచ్చింది, మానితే విరేచనాలు. మందు మగత తెచ్చింది, మానితే జాగరణ. మందు నొప్పిని అణచింది, మానితే చిన్న నొప్పి కూడా కొండంత అవుతుంది. ఏళ్ల తరబడి మందు ఒత్తిడికి ఎదురు తోస్తూ వచ్చిన నాడీవ్యవస్థ, ఎదుటి ఒత్తిడి ఒక్కసారిగా పోయేసరికి తూలి ముందుకు పడుతుంది. మూడో రోజున మనిషి అనుకునేది ‘బిళ్ళ లేకపోతే నా అసలు నొప్పి ఇదన్నమాట’ అని. అది అసలు నొప్పి కాదు. తూలిన నాడులు చేసే గోల. ఈ ఒక్క తప్పు అంచనా వల్లే ఎందరో నాలుగో రోజు చూడకుండానే మళ్లీ షాపుకు వెళతారు.

ఇక్కడినుంచి ధర్మప్రశ్న మొదలవుతుంది. బాధపడుతున్నవాడికి చుట్టూ ఉన్నవారినుంచి మొదట వినిపించే మాట ‘ఏటి సేత్తాం, మన కర్మ’ అన్నది. చెప్పేవారి మనసులో దయ ఉంటుంది. కష్టాన్ని ఒక పెద్ద లెక్కలో చేర్చి తేలిక చేయాలన్న తాపత్రయం ఉంటుంది. కాని ఆ మాట విన్నవాడికి రెండు అర్థాలు అందుతాయి. ఈ బాధ తన తప్పుకు వచ్చింది. దీన్ని తగ్గించుకోబోతే అప్పు తీరకుండా మిగిలిపోతుంది. ఈ రెంటికీ శాస్త్రాధారం ఎంత?

శాలిహుండం కొండ ఈ జిల్లాలోనే, వంశధార ఒడ్డున ఉంది. అక్కడి బౌద్ధ శిథిలాలను 1919లో గిడుగు రామమూర్తి వెలుగులోకి తెచ్చారు. ఒకప్పుడు ఆ కొండమీది భిక్షువులు ఆశ్రయించిన బౌద్ధ సంప్రదాయంలో ఈ ప్రశ్నకు చాలా స్పష్టమైన జవాబు ఉంది. సంయుత్త నికాయంలోని శివక సుత్తంలో ఒక పరివ్రాజకుడు బుద్ధుణ్ని అడుగుతాడు: మనిషి అనుభవించే ప్రతి సుఖదుఃఖమూ పూర్వకర్మ ఫలమేనని కొందరంటారు, మీరేమంటారు అని. బుద్ధుడు ఒప్పుకోడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలిసి ప్రకోపించడం, ఋతువు మారడం, శరీరాన్ని అడ్డదిడ్డంగా వాడడం, పైనుంచి దెబ్బ తగలడం, చివరగా కర్మ విపాకం అని ఎనిమిది కారణాలు చెబుతాడు. కర్మ ఎనిమిదింటిలో ఒకటి. అన్నీ కర్మవల్లే అనేవారు తమ అనుభవానికి తెలిసినదాన్నీ, లోకం నిజమని ఒప్పుకున్నదాన్నీ దాటి మాట్లాడుతున్నారని ఆయన తీర్పు. ఎండలో ఉప్పు మడిలో పనిచేసి, నొప్పికి బిళ్ళ మింగి, అది అలవాటై పడే యాతనకు ఈ జాబితాలో ఋతువు, అడ్డదిడ్డపు వాడకం, శ్లేష్మ పిత్తాలు చాలినంత వివరణ ఇస్తాయి. పూర్వజన్మదాకా వెళ్లనక్కరలేదు.

ఆయుర్వేదమూ ఇదే దారిలో నడిచింది. చరక సంహిత విమానస్థానంలో ఆయుష్షు దైవాధీనమా, పురుషకారం మీద ఉంటుందా అన్న చర్చ వస్తుంది. అంతా ముందే నిర్ణయమైతే మందులూ పథ్యాలూ అక్కరలేదు కదా అన్న తర్కంతో ఆ గ్రంథం రెంటికీ చోటిస్తుంది. రోగాలకు చరకుడు చెప్పే ఒక పెద్ద కారణం ప్రజ్ఞాపరాధం: బుద్ధి, ధైర్యం, జ్ఞాపకం తప్పినప్పుడు మనిషి తెలిసి తెలిసి చేసే చేటు పని. బిళ్ళ అలవాటును ఈ పేరుతో నిందించడం తేలిక. కాని మర్నాడు పప్పు గీకకపోతే ఇంట్లో పొయ్యి వెలగదని తెలిసి బిళ్ళ మింగిన ఆడమనిషిది బుద్ధి తప్పడం అనుకోవడం అన్యాయం. ఆమె లెక్క ఆ రోజుకు సరైనదే. తప్పు ఆ లెక్కను రోజూ వేయవలసిన స్థితిలో ఉంది. రాసిచ్చినవారు, అమ్మినవారు, ఆ కూలి పద్ధతి పెట్టినవారు అందరూ పంచుకోవలసిన అపరాధాన్ని మింగినవారి ఒక్కరి నెత్తిన పెట్టమని చరకుడు చెప్పలేదు.

కర్మవాదం పక్కకు తప్పుకున్నా, ఓర్పు ప్రశ్న అలాగే ఉంటుంది. వేదాంతంలో సాధకుడికి ఉండవలసిన ఆరు సంపదల్లో తితిక్ష ఒకటి. శంకరుల పేరిట ప్రసిద్ధమైన వివేకచూడామణి తితిక్షకు ఇచ్చే నిర్వచనం చాలా కఠినం: వచ్చిన దుఃఖాలన్నిటినీ ప్రతీకారం వెతకకుండా, చింత లేకుండా, ఏడుపు లేకుండా సహించడం. ప్రతీకారం వెతకకుండా అన్నదే ఇక్కడ ముల్లు. దాన్ని ఉన్నది ఉన్నట్టు పట్టుకుంటే, విరేచనాలకు మందు వేసుకోవడం, నిద్రకు సాయం అడగడం, మానే క్రమంలో డాక్టరు దగ్గరికి వెళ్లడం అన్నీ తితిక్షకు లోటే. భక్తి శ్రద్ధలున్న కుటుంబాల్లో ‘మందు మానడానికి మళ్లీ మందా’ అన్న అభ్యంతరం వెనక పనిచేసేది తెలిసో తెలియకో ఈ భావమే.

ఆ నిర్వచనం ఎవరికోసం చెప్పినదో చూస్తే చిక్కు కొంత వీడుతుంది. అది వైరాగ్యం కలిగి, గురువును ఆశ్రయించి, బ్రహ్మవిచారానికి సిద్ధమైనవాడి లక్షణం. చలి, ఎండ, ఆకలి వచ్చినప్పుడల్లా విచారం మాని వాటి వెంట పరుగెత్తే మనసుకు అది కళ్లెం. రోగికి చికిత్స వద్దని చెప్పే విధి కాదు. గీత రెండో అధ్యాయంలో శీతోష్ణ సుఖదుఃఖాలను ఓర్చుకోమని అర్జునుడికి చెప్పిన కృష్ణుడే పదిహేడో అధ్యాయంలో, శాస్త్రం విధించని ఘోర తపస్సులతో ఒంటిలోని భూతసముదాయాన్నీ, లోపల ఉన్న తననూ పీడించేవారిది అసుర నిశ్చయమని అంటాడు. మూఢమైన పట్టుదలతో తనను తాను హింసించుకుని చేసే తపస్సును తామసమని విడదీస్తాడు. ఓర్పును మెచ్చిన గ్రంథమే ఒంటిని చిత్రవధ చేయడాన్ని తప్పుపట్టింది. రెంటి మధ్య హద్దు ఎక్కడుందన్నదే అడగవలసిన ప్రశ్న. దానికి సమాధానం: తప్పించలేని బాధను ఓర్చుకోవడం తితిక్ష, తప్పించగలిగిన బాధను తెచ్చిపెట్టుకోవడం దానికి చెందదు.

గీతలోనే ఈ తొలి రోజులకు అతి దగ్గరగా వచ్చే మాటలు పద్ధెనిమిదో అధ్యాయంలో ఉన్నాయి. మొదట అమృతంలా ఉండి చివరికి విషమయ్యే సుఖాన్ని రాజసమనీ, మొదట విషంలా ఉండి చివరికి అమృతమయ్యేదాన్ని సాత్త్వికమనీ అక్కడ చెబుతారు. బిళ్ళ వేసుకున్న సాయంత్రం, బిళ్ళ మానిన మూడో రాత్రి ఈ రెంటికీ సరిగ్గా అతుకుతాయి. మానాలనుకునేవారికి ఈ మాట నిజమైన ఆసరా, ఎందుకంటే ఇప్పటి చేదు చివరిదాకా ఉండేది కాదని అది చెబుతుంది. వైద్యమూ అదే చెబుతోంది. కాని విషం ఎంత ఎక్కువైతే అమృతం అంత ఎక్కువని అక్కడ లేదు. చేదు మోతాదు పెంచుకోవడం వల్ల ఫలం పెరగదు. నెమ్మదిగా తగ్గించి తక్కువ బాధతో మానినవాడికీ, ఒక్కసారిగా ఆపి నేలమీద దొర్లినవాడికీ చివర దొరికేది ఒకటే. పైగా రెండోవాడు మధ్యలోనే వెనక్కి తిరిగే అవకాశం ఎక్కువ.

నెమ్మదిగా మానడం పిరికితనమనుకునేవారికి చరక సంహిత సూత్రస్థానం ఏడో అధ్యాయం గట్టి సమాధానం. చేటు చేసే అలవాటును, అది ఒంటికి పట్టిపోయిన తర్వాత, ఒక్కసారిగా కాకుండా పాదం పాదంగా విడవాలని అక్కడి విధి. నాలుగో వంతు తగ్గించి, దాని స్థానంలో మేలు చేసేదాన్ని నాలుగో వంతు చేర్చాలి. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజుల ఎడంతో ముందుకు సాగాలి. ఇలా క్రమంగా పోయిన దోషం తిరిగి రాదని, క్రమంగా వచ్చిన గుణం కదలకుండా నిలుస్తుందని ఆ గ్రంథం హామీ ఇస్తుంది. నేటి వైద్యం చెప్పే క్రమం ఇంకా నిదానమైనది. ఏడాదికి పైగా నల్లమందు జాతి మందు వాడినవారికి నెలకు పదో వంతు చొప్పున తగ్గించమని సలహా. అలవాటు పూర్తిగా బిగిసినవారికి నాలుక కింద పెట్టే బ్యుప్రెనార్ఫిన్‌తో యాతనను అదుపులో పెట్టి, తర్వాత దాన్ని తగ్గిస్తారు లేదా చాలాకాలం కొనసాగిస్తారు. దీన్ని ఒక మత్తు పోయి మరో మత్తు వచ్చినట్టు చూడడం తగదు. పూటకోసారి షాపు వైపు లాగే తహతహ తగ్గి మనిషి పనికి, ఇంటికి తిరిగివస్తాడు. మేలు చేసేదాన్ని పాదం పాదంగా చేర్చమన్న మాటకు ఇది కొనసాగింపే.

తెలుగువారికి మానడం అంటే వెంటనే గుర్తొచ్చే రూపం దీక్ష. కార్తీకంలో మాల వేసుకున్నవాడు 41 రోజులు తాగుడు ముట్టడు. ఏళ్లుగా ఇల్లాలి మాట వినని మనిషి మాల పడగానే ఎలా నిలబడగలుగుతున్నాడు? దీక్షలో ఉన్న కట్టుబాటు అలాంటిది. గడువు ముందే తెలుసు. నిద్ర లేచే వేళ, స్నానం, పూజ, భిక్ష అన్నీ గడియారం ప్రకారం. నిన్నటిదాకా తిట్టినవారే ‘స్వామీ’ అని పిలుస్తారు. ఆ పిలుపు మనిషికి పోయిన గౌరవాన్ని తిరిగిస్తుంది. సాయంత్రం ఒంటరిగా ఉండనివ్వని భజన ఉంటుంది. తొలి వారం గడపడానికి మందు మానేవారికి కావలసినవి సరిగ్గా ఇవే. ఒక్కచోటే దీక్ష పొసగదు: అది మాల పడిన క్షణంనుంచి పూర్తి నిషేధం. పేకాటకూ, చుట్టకూ అది పనికొస్తుంది. రోజూ గట్టిగా తాగేవాడికి, ఎక్కువ మోతాదులో ట్రమడాల్ వాడేవాడికి అలా తెగ్గోయడం ప్రమాదం. తాగుడు ఉన్నట్టుండి ఆగితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. మోతాదు తగ్గించే క్రమాన్నే వ్రతంగా పెట్టుకుంటే, ప్రతి మెట్టు దిగడాన్నే నియమంగా పాటిస్తే దీక్ష బలం నిలుస్తుంది, ప్రమాదం తగ్గుతుంది. డాక్టరు రాసిన తగ్గింపు పట్టిక పూజగదిలో పెట్టుకోవడంలో అపచారమేమీ లేదు.

వైద్యానికీ దైవానికీ వైరం లేదనడానికి టెక్కలి దగ్గర ఒక సాక్ష్యం ఉంది. రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి లింగం గర్భగుడి కప్పు లేకుండా ఎండలోనే వెలసి ఉంటుంది. రామాయణంలోని వానర వైద్యుడు సుషేణుడు, యుద్ధానంతరం ఈ ప్రాంతపు జనం రోగాలతో బాధపడడం చూసి ఇక్కడే ఆగిపోయాడని స్థలపురాణం. వారికి వైద్యం చేస్తూ, తపస్సు చేస్తూ ఇక్కడే దేహం విడిచాడట. ఆ చోటనే లింగం వెలసిందట. చరిత్రగా దీన్ని రుజువు చేయనక్కరలేదు. ఒక ఊరు తన దైవానికి మూలంగా ఎవరిని ఎంచుకుందన్నది ముఖ్యం: బాధ ఓర్చుకోమని బోధించినవాణ్ని కాదు, బాధ తగ్గించడానికి ఆగిపోయినవాణ్ని. రోగాలు నయమవుతాయని నమ్మి అక్కడికి వెళ్లే భక్తుడు, టెక్కలి ఆసుపత్రిలో మందు రాయించుకుని వెళితే ఆ పురాణానికి భంగం కలగదు.

క్రైస్తవంలోనూ ఇదే చర్చ నడిచింది. సిలువ దగ్గర ఇచ్చిన బోళం కలిపిన ద్రాక్షరసాన్ని యేసు పుచ్చుకోలేదన్న మార్కు సువార్త ప్రస్తావన ఆధారంగా, నొప్పి తగ్గించుకోవడం విశ్వాసికి తగదని అనుకున్నవారున్నారు. 1957 ఫిబ్రవరిలో పోపు పన్నెండో పయస్ వైద్యులతో మాట్లాడుతూ, బాధను స్వచ్ఛందంగా స్వీకరించడం గొప్పదే కావచ్చు గాని అందరికీ విధి కాదనీ, మత్తు కలిగించే మందులతో నొప్పి తగ్గించడం ధర్మసమ్మతమేననీ ప్రకటించారు. బాప్టిస్టు మిషన్ ఆసుపత్రులు, బళ్లు పెట్టిన ఈ తీరంలో కూడా, సువార్త చెప్పినవారు బాధను ఉన్నచోటే ఉండనివ్వలేదు.

మళ్లీ బుద్ధుడి దగ్గరికి వస్తే, ఓర్పుకు అసలు చోటెక్కడో చెప్పే మాట సల్ల సుత్తంలో దొరుకుతుంది. తెలియనివాడు నొప్పి తగిలినప్పుడు ఏడుస్తాడు, గుండె బాదుకుంటాడు. ఒక బాణం తగిలినవాడికి రెండో బాణం కూడా గుచ్చినట్టు శరీరపు నొప్పిమీద మనసు నొప్పి చేరుతుంది. ఆ సుత్తంలోనే అంతగా ప్రచారంలోకి రాని మరో ముక్క ఉంది: అలాంటివాడు నొప్పినుంచి బయటపడే దారి ఇంద్రియసుఖం తప్ప మరొకటి తెలియక దానివైపు పరుగెత్తుతాడు. మందు అలవాటు నిర్మాణం మొత్తం ఈ ఒక్క మాటలో ఉంది. తొలి రోజుల్లో మొదటి బాణం ఒళ్లు: విరేచనం, పోటు, చెమట. దానికి చికిత్స చేయాలి, ఓర్పు కాదు. రెండో బాణం మనసు: ఇది ఎప్పటికీ పోదు, నేను చెడిపోయాను, ఇంట్లోవాళ్ల పరువు తీశాను. ఓర్పు, ధ్యానం, నామస్మరణ పనిచేసేది ఇక్కడ. కాళ్లు ఆడించకుండా ఉండలేని రాత్రి ‘నువ్వు దేహానివి కావు, సాక్షివి’ అని వేదాంతం చెప్పడం వల్ల నులినొప్పి తగ్గదు. నులినొప్పికి మందిచ్చి, కాళ్లకు వేడి కాపడం పెట్టి, పక్కన కూర్చుని, తెల్లారేదాకా గంటా గంటా లెక్కపెట్టడంలో తోడుంటే అప్పుడా మాట చెవికెక్కుతుంది.

పక్కన కూర్చోవడం కూడా ధర్మమేనని చెప్పిన ఘట్టం వినయ పిటకంలో ఉంది. విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న ఒక భిక్షువును తోటివారు పట్టించుకోలేదు. బుద్ధుడు ఆనందుణ్ని నీళ్లు తెమ్మన్నాడు; ఇద్దరూ కలిసి అతణ్ని కడిగి, ఎత్తి మంచంమీద పడుకోబెట్టారు. నన్ను సేవించదలచినవాడు రోగిని సేవించాలని సంఘానికి అప్పుడు చెప్పాడు. ఆ భిక్షువు ఎందుకు రోగి అయ్యాడు, తప్పు ఎవరిది అని ఆయన అడగలేదు. తోటివారు ఎందుకు చూడలేదని అడిగాడు. బిళ్ళ మానుతున్న మనిషి మూడో రోజున ఉండేది దాదాపు అదే స్థితిలో. గదిలో పెట్టి గొళ్లెం వేయడం, బంధువులకు తెలియకుండా దాచడం, ‘మత్తుకు మరిగినవాడు’ అని పిలవడం ఆ భిక్షువును వదిలేసిన తోటివారి పనిలాంటివే.

ఉద్దానంలో ఈ సేవకు ప్రత్యేక జాగ్రత్తలు అవసరం. మరోచోట పనికొచ్చే సలహా ఇక్కడ చేటు చేయవచ్చు. మానే రోజుల్లో ఒళ్లు నొప్పులకు సాధారణంగా సూచించే ఐబుప్రోఫెన్ ఇక్కడి కిడ్నీ రోగికి పనికిరాదు; వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసిటమాల్, కాపడం, మర్దన మేలు. విరేచనాలు, వాంతులతో నీరు పోతే మామూలు మనిషికి అలసటే, కిడ్నీ అంతంతమాత్రంగా పనిచేసేవారికి అది ఆసుపత్రి దారి. నీరసంగా ఉన్నవాడికి ఉద్దానం పెరట్లో మొదట చేతికందేది కొబ్బరిబోండం. అందులో పొటాషియం ఎక్కువ. వ్యాధి ముదిరిన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, రక్తంలో అది పెరిగితే గుండె లయ తప్పుతుంది. చెట్టు మీద ప్రేమతో, మనిషి మీద ప్రేమతో ఇచ్చే ఆ నీళ్లు అడిగి ఇవ్వవలసినవి. ట్రమడాల్ సారం కూడా దెబ్బతిన్న కిడ్నీలో పేరుకుంటుంది, ఎక్కువైతే ఫిట్స్ రావచ్చు. కాబట్టి తగ్గించే క్రమం డయాలిసిస్ చూసే వైద్యులకు తెలిసి జరగాలి. అలవాటు మాన్పించే చికిత్స ఎక్కడ దొరుకుతుందో 14446 నంబరు చెబుతుంది. దిగులు, నిద్రలేమి భరించలేనప్పుడు టెలిమానస్ 14416లో తెలుగులో మాట్లాడవచ్చు.

వ్రతం తప్పినవాడి సంగతి ధర్మశాస్త్రం ఏనాడూ వదిలేయలేదు. ప్రాయశ్చిత్తం అన్న భాగం ఉన్నదే అందుకు. అయినా ఇళ్లలో ఒట్టు తప్పడం తిరిగిరాని పతనంగా చూస్తారు. అమ్మ మీద ఒట్టేసి నాలుగు రోజులు నిలబడి అయిదో రోజు బిళ్ళ వేసుకున్నవాడు, ఎలాగూ ఒట్టు తప్పింది కదా అని మునుపటి మోతాదు మొత్తం మింగుతాడు. ప్రాణాపాయం అక్కడే ఉంది. కొన్ని రోజులు ఆపేసరికి ఒళ్లు మందును తట్టుకునే శక్తి పోగొట్టుకుంటుంది. నిన్నటిదాకా ఒంటికి పట్టిన మోతాదు ఇవాళ ఊపిరి ఆపేయగలదు. కాబట్టి ఒట్టు వేయించుకునే పెద్దలు దానితోపాటే, తప్పితే దాచకుండా చెప్పమని, చెబితే తిట్టబోమని మాట ఇవ్వాలి. తప్పినా తిరిగి రావడానికి దారి తెరిచి ఉంచిన వ్రతమే ఈ రోగంలో ప్రాణం కాపాడుతుంది. ప్రాయశ్చిత్తంగా చేయవలసింది వెంటనే వైద్యుడికి చెప్పి, తగ్గించిన మోతాదునుంచి మళ్లీ మొదలుపెట్టడం.

పది రోజులు గడిచాక ఒళ్లు తేరుకుంటుంది. నిద్ర, ఉత్సాహం తిరిగి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అప్పుడు మిగిలేది అసలు మొదటి నొప్పి: వంగిన మెడది, ఉప్పు మోసిన నడుముది. దీన్ని కూడా తితిక్ష ఖాతాలో వేయడం కుదరదు, ఎందుకంటే ఇది మనుషులు మార్చగలిగినది. పొట్టు తీసేవారికి వీపు ఆనించే పీట, గంటకోసారి లేచే వీలు, ఎండ ముదిరే వేళ మడుల్లో పని ఆపడం, అందేంత దూరంలో నీడ, మంచి నీళ్లు యజమాని చేతిలో ఉన్న పనులు. కూలి కిలో లెక్కన ఉన్నంతకాలం లేచి నడవడం అంటే డబ్బు వదులుకోవడమే కాబట్టి, విశ్రాంతికి కూడా కూలి కట్టే పద్ధతి లేకపోతే మొదటి బిళ్ళ మళ్లీ అదే షాపులో, అదే కత్తెరతో చేతికొస్తుంది. మానిన మనిషి నిలబడడం అతని ఓర్పు మీద ఎంత ఆధారపడుతుందో, ఈ ఏర్పాట్ల మీద అంతకంటే ఎక్కువ ఆధారపడుతుంది.